మాంట్రియల్ ఫైనల్, శ్రీరామ్ సింగ్ మొదటి ల్యాప్: 800 మీటర్ల పేసింగ్ (రేసు పొడవునా వేగాన్ని పంచుకోవడం) మీద ఒక కేస్ స్టడీ

1976 జులై 25, మాంట్రియల్ ఒలింపిక్స్, పురుషుల 800 మీటర్ల ఫైనల్. చివరి ల్యాప్ మొదలైందని చెప్పే బెల్ మోగేసరికి ఎనిమిది మందిలో అందరికంటే ముందున్నది మన శ్రీరామ్ సింగ్. మొదటి 400 మీటర్లకు ఆయన తీసుకున్న టైమ్ 50.85 సెకన్లు. రేసు ముగిసేసరికి ఆయన స్థానం ఏడు, టైమ్ 1:45.77. గెలిచింది క్యూబా రన్నర్ అల్బెర్టో హువాంతొరేనా, 1:43.50తో ప్రపంచ రికార్డు.

మా హనుమకొండ గ్రౌండ్‌కు 800 మీటర్ల కోసం వచ్చే పిల్లలందరికీ నేను ఈ రేసు చెప్తాను. కెన్యా రన్నర్ రుడిషా వీడియోలు వాళ్ళు ఫోన్లో ఎలాగూ చూస్తారు. ఈ రేసు మాత్రం ఎవరూ చూసి ఉండరు. చెప్పగానే రెండు రకాల మాటలు వస్తాయి. కొందరు ఆరంభశూరత్వం అని తేల్చేస్తారు: ముందు ఊపుగా వెళ్ళాడు, చివర్లో చేతులెత్తేశాడు, అంతే. ఇంకొందరు ఆ 1:45.77 మన దేశంలో 42 ఏళ్ళు జాతీయ రికార్డుగా నిలిచిందని గుర్తుచేసి, ఆయన చేసిందే రైటు అంటారు. గువాహటిలో 2018 జూన్‌లో జిన్సన్ జాన్సన్ 1:45.65 పరిగెత్తేదాకా దాన్ని ఎవరూ దాటలేకపోయిన మాట నిజమే.

నేను అడిగేది వేరు. ఆ 50.85 అసలు ఎవరి పేస్? కోచ్‌గా నాకు పనికొచ్చే జవాబు అక్కడే దొరుకుతుంది. ఈ కేస్ మొత్తం దాని చుట్టూనే రాస్తున్నాను.

ఎవరెవరు పరిగెత్తారు

శ్రీరామ్‌ది రాజస్థాన్. ఆర్మీలో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరాక ఇలియాస్ బాబర్ కోచింగ్‌లో 800 మీటర్లకు వచ్చారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో రజతం, 1974 టెహ్రాన్‌లో 1:47.6తో స్వర్ణం. మాంట్రియల్ నాటికి వయసు 27. అంటే అనుభవం లేని కుర్రాడు కంగారుపడి ముందుకు దూకిన సందర్భం కాదిది. ఏషియా చాంపియన్, ఆలోచించుకుని ముందుకెళ్ళిన రేసు.

మిగతావాళ్ళు కూడా తక్కువవాళ్ళేం కాదు. బెల్జియం రన్నర్ ఇవో వాన్ డామ్ 1:43.86తో రెండో స్థానంలో వచ్చాడు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే కారు ప్రమాదంలో చనిపోయాడు, బ్రసెల్స్‌లో ఏటా జరిగే మెమోరియల్ మీట్ ఆయన పేరు మీదే. అమెరికాకు చెందిన రిక్ వోల్‌హ్యూటర్ 1:44.12తో మూడోవాడు. పశ్చిమ జర్మనీ విల్లీ వ్యూల్‌బెక్ 1:45.26, ఇంగ్లండ్ కుర్రాడు స్టీవ్ ఓవెట్ 1:45.44, యుగోస్లావియా లుచానో సుషాన్ 1:45.75. తర్వాత శ్రీరామ్. ఆ ఓవెట్టే నాలుగేళ్ళకు మాస్కోలో ఇదే 800లో ఒలింపిక్ చాంపియన్.

ఇక్కడ ఒక్కసారి ఆగి టైమ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. ఆరో స్థానానికీ శ్రీరామ్‌కూ మధ్య తేడా 0.02 సెకన్లు. ఆ చివరి వేగంలో అది జానెడు కూడా ఉండదు. నాలుగో స్థానానికి తేడా 0.51 సెకన్లు, దూరంలో నాలుగు మీటర్ల లోపే. కాంస్యానికి మాత్రం 1.65 సెకన్లు, అంటే పన్నెండు మీటర్ల దాకా. ‘ఏడో స్థానం’ అనగానే మనసులో వచ్చే బొమ్మ ఒకటి, అసలు జరిగింది ఒకటి. నాలుగు నుంచి ఏడు వరకు నలుగురూ దాదాపు అర సెకను తేడాలోనే ఫినిష్ అయ్యారు.

రెండు ల్యాపుల లెక్క

మొత్తం టైమ్‌లోంచి 50.85 తీసేస్తే రెండో ల్యాప్ 54.92 వస్తుంది. రెండు ల్యాపుల మధ్య తేడా 4.07 సెకన్లు. సెకనుకు 7.87 మీటర్ల వేగంతో మొదలుపెట్టిన మనిషి, రెండో ల్యాప్‌లో సగటున 7.28కి పడిపోయాడు. హువాంతొరేనా బెల్ దగ్గర శ్రీరామ్ వెనకే, దాదాపు అదే టైమ్‌కు ఉన్నాడు. ఆయన రెండో ల్యాప్ 52.6 సెకన్ల చుట్టూ. తేడా రెండు సెకన్ల లోపే.

పోలికకు లండన్ 2012 తీసుకుందాం. డేవిడ్ రుడిషా 1:40.91 పరిగెత్తిన ఫైనల్. మొదటి ల్యాప్ 49.28, రెండోది 51.63. తేడా 2.35. ఆయన కూడా మొదటి మీటరు నుంచి ముందే ఉన్నాడు, ముందుండి వేగం కట్టిపెట్టే పేస్‌మేకర్ లేడు. ముందుండి పరిగెత్తడమే తప్పయితే రుడిషాకీ అదే జరగాలి. కానీ జరగలేదు.

800 మీటర్లలో రెండో ల్యాప్ మొదటిదానికంటే రెండు సెకన్లు ఎక్కువ పట్టడం మామూలే. పురుషుల ప్రపంచ రికార్డుల్లో చాలావరకు అలా వచ్చినవే. రెండు ల్యాపులూ సమానంగా పరిగెత్తాలని పుస్తకాల్లో చదివి వచ్చేవాళ్ళు నా దగ్గర కూడా ఉన్నారు. 5000, 10000 మీటర్లకు అది మంచి సలహా. 800కు కాదు. ఎందుకో చెప్తాను.

పిస్టల్ పేలాక మొదటి కొన్ని సెకన్లు కండరాల్లో ముందే నిల్వ ఉన్న ఇంధనం మీద నడుస్తాయి. ఆ వేగం దాదాపు ఉచితంగా వచ్చినట్టే, ఎందుకంటే ఆ నిల్వ తర్వాత దాచుకుని వాడుకునేది కాదు. ఇంకో సంగతి, శరీరం ఆక్సిజన్ వాడకం స్విచ్ వేసినట్టు పైకి లేవదు. గరిష్ఠ స్థాయి దగ్గరికి రావడానికి ముప్పావు నిమిషం నుంచి నిమిషం పడుతుంది. మొదట్లో కాస్త గట్టిగా వెళ్తే అది తొందరగా లేస్తుంది. 800 మీటర్లకు కావాల్సిన శక్తిలో 60 నుంచి 66 శాతం ఆక్సిజన్ మీద ఆధారపడిందే కాబట్టి, అది ఎంత తొందరగా అందుకుంటే అంత లాభం. అందుకే మొదటి 200 వేగంగా ఉండటం తెలివితక్కువతనం కాదు, శరీరం అడిగేదే అది.

చిక్కంతా ‘ఎంత వేగంగా’ అన్న దగ్గర ఉంది. హద్దు దాటితే కండరంలో ఆమ్లత పెరుగుతుంది, ఫాస్ఫేట్ పేరుకుంటుంది, కండరం ముడుచుకునే బలం తగ్గుతుంది. అడుగు పొడవు తగ్గుతుంది. ఆ తగ్గుదలను మనసు గట్టిపరుచుకుని ఆపలేం. చివరి వంద మీటర్లలో ఎంత పట్టుదల ఉన్నా కాళ్ళు వినవు. మొదటి ల్యాప్‌లో అర సెకను ఎక్కువ సంపాదిస్తే, చివర్లో అర సెకనే పోదు. ఒకటిన్నర పోవచ్చు, రెండు పోవచ్చు. అప్పు ఒక రేటుకు, వడ్డీ ఇంకో రేటుకు.

రుడిషా స్ప్లిట్లలో, అంటే రేసులో ఒక్కో ముక్కకు పట్టిన టైమ్‌లలో, నేను పిల్లలకు వేలుపెట్టి చూపించేది మూడో 200. మొదటి 200 మీటర్లు 23.4, రెండోవి 25.9, మూడోవి 25.0, నాలుగోవి 26.6. మామూలు రన్నర్లు రేసు పోగొట్టుకునేది సరిగ్గా ఆ మూడో 200లోనే. బెల్ తర్వాతి కర్వ్, బ్యాక్ స్ట్రెయిట్ (ఫినిష్‌కు ఎదురు వైపు ఉండే తిన్నని భాగం). ఊపిరి అప్పటికే అందట్లేదు, ఫినిష్ ఇంకా కనిపించట్లేదు, కాస్త తగ్గి చివర్లో లాగుదాంలే అనిపిస్తుంది. రుడిషా అక్కడ వేగం పెంచాడు. మొదటి 200 తర్వాత రెండో 200లో అంత తగ్గాడు కాబట్టే పెంచగలిగాడు. ముందుండటం అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపున లాగడం అనుకుంటారు. ఆయన ముందుంటూనే శ్వాస తీసుకున్నాడు. వెనకున్నవాళ్ళకు అది తెలియలేదు. బోట్స్వానా రన్నర్ నైజెల్ ఏమోస్ ఆ పేస్ వెనకే వెళ్ళి 1:41.73 చేశాడు. చివరి స్థానంలో వచ్చిన ఆండ్రూ ఒసాగీ టైమ్ కూడా 1:43.77.

ఒకే స్ప్లిట్, ఇద్దరు మనుషులు

ఇప్పుడు మాంట్రియల్ బెల్ దగ్గరికి వద్దాం. శ్రీరామ్, హువాంతొరేనా ఒకరి వెనక ఒకరు దాదాపు ఒకే టైమ్‌కు లైన్ దాటారు. వాచీ ప్రకారం ఇద్దరిదీ ఒకే పేస్.

నాలుగు రోజుల తర్వాత, జులై 29న, హువాంతొరేనా అదే స్టేడియంలో 400 మీటర్ల ఫైనల్ కూడా గెలిచాడు. టైమ్ 44.26. ఒకే ఒలింపిక్స్‌లో 400, 800 రెండూ గెలిచినవాడు అంతకుముందు లేడు. 44.26 పరిగెత్తగల మనిషికి 51 సెకన్ల లోపు ల్యాప్ అంటే తన పూర్తి వేగానికి ఆరున్నర సెకన్లు తక్కువ. ఆయనకు అది పొడవాటి అంగలతో సాఫీగా సాగే వేగం. శ్రీరామ్ 800 మీటర్ల మనిషి, 44 సెకన్ల వేగం ఆయన దగ్గర లేదు. అదే 50.85 ఆయన శరీరం నుంచి చాలా ఎక్కువ పిండుకుంది.

ఒకే అంకె ఒకరికి ప్రయాణం, ఒకరికి ఖర్చు. నేను ఈ కేస్‌ను పదే పదే ఎత్తడానికి కారణం ఇదే. పేస్‌ను వాచీలో సెకన్లుగా చూస్తే ఇద్దరూ సమానం. ఎవరి 400 బెస్ట్‌తో వాళ్ళ మొదటి ల్యాప్‌ను పోల్చి చూస్తే ఇద్దరూ అప్పటికే వేర్వేరు రేసుల్లో ఉన్నారు. శ్రీరామ్ మొదటి ల్యాప్ వేగంగా ఉండటం కాదు ఇబ్బంది. అది 1:43 పరిగెత్తగలవాడి మొదటి ల్యాప్. ఆయన పరిగెత్తింది 1:45.

బెల్ తర్వాత బ్యాక్ స్ట్రెయిట్‌లో హువాంతొరేనా ముందుకెళ్ళాడు. వోల్‌హ్యూటర్ వెంటపడ్డాడు, చివర్లో వాన్ డామ్ దూసుకొచ్చి రజతం పట్టాడు. శ్రీరామ్ వేసిన పేస్ తన రికార్డుకు సాయపడిందని హువాంతొరేనా తర్వాత ఒప్పుకున్నట్టు చెప్పుకుంటారు. మర్యాద మాటే గానీ అందులో నిజం కూడా ఉంది. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ వెళ్ళాలి. సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంలో గాలి అడ్డం చిన్నదేం కాదు. వెనక మీటరు దూరంలో ఉన్నవాడికి ఆ భారం చాలావరకు తప్పుతుంది. పైగా ముందున్నవాడికి తానే నిర్ణయాలు తీసుకునే టెన్షన్. వెనకున్నవాడికి ఎదుటివాడి వీపు చూస్తూ పరిగెత్తడమే పని.

అయినా ఆయన పక్షాన

పిల్లల్లో ఒకడు తప్పకుండా అడిగే ప్రశ్న: “సార్, ఆయన ముందట ఉరకకుండ ఎనుకనే ఉంటే మెడల్ వస్తుండెనా?”

“మెడల్ రాకపోయేది” అంటాను. కాంస్యం తెచ్చిన 1:44.12 ఆ రోజు ఆయన కాళ్ళలో లేదు, ఎలా పంచుకున్నా. కానీ మొదటి ల్యాప్ 51.7 చుట్టూ వెళ్ళి ఉంటే, రెండోది 53.6 దాకా ఆపుకోగలిగితే, 1:45.3 అయ్యేది. వ్యూల్‌బెక్‌తో, ఓవెట్‌తో నాలుగో స్థానం కోసం కొట్లాడేవాడు. ఇది నా అంచనా. కాగితం మీద వేసిన స్ప్లిట్లు ఎప్పుడూ అందంగానే ఉంటాయి కదా అని ఎవరైనా ఎదురు చెప్తే, దానికీ విలువిస్తాను.

ఎందుకంటే వెనక ఉండటానికి కూడా ఖరీదుంది. 800లో మొదటి కర్వ్ వరకే ఎవరి లేన్‌లో వాళ్ళు. బ్యాక్ స్ట్రెయిట్ మొదట్లో బ్రేక్ లైన్ దాటగానే అందరూ లోపలికి వస్తారు, మోచేతులు తగులుతాయి, స్పైక్స్ (బూట్ల కింది మేకులు) కాళ్ళకు గీసుకుంటాయి. లోపల ఇరుక్కుంటే బయటపడటానికి ఆగాలి. బయట ఉంటే దూరం ఎక్కువ. రెండో లేన్‌లో ఒక్క కర్వ్ పూర్తిగా పరిగెత్తితే మూడున్నర మీటర్లు అదనం. ఆ వేగంలో అది దాదాపు అర సెకను, శ్రీరామ్‌కూ నాలుగో స్థానానికీ మధ్య ఉన్న తేడా అంత. ముందున్నవాడు కచ్చితంగా 800 మీటర్లే పరిగెత్తుతాడు. ఓవెట్ వయసులో చిన్నవాడైనా గుంపులో దారి చేసుకోవడంలో దిట్ట. గుంపులో పరిగెత్తడం అలవాటు లేని ఏషియా రన్నర్‌కు ముందుండటం ఒక రక్షణ కూడా.

42 ఏళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏషియన్ గేమ్స్‌లో శ్రీరామ్ గెలిచిన టైమ్‌లు చూడండి. టెహ్రాన్‌లో 1:47.6, 1978లో బ్యాంకాక్‌లో మళ్ళీ స్వర్ణం, 1:48.8. గెలవడానికి అంత చాలు కాబట్టి అంతే పరిగెత్తారు. 1:45.77 వచ్చింది గెలవలేని రేసులో, తనకంటే వేగమైనవాళ్ళ మధ్య. పొదుపుగా పరిగెత్తి ఉంటే స్థానం మెరుగయ్యేదేమో, ఆ టైమ్ వచ్చేదని నేను గ్యారంటీ ఇవ్వను.

టైమ్‌కు పరిగెత్తడం, స్థానానికి పరిగెత్తడం రెండూ వేరని 2018లో మనవాళ్ళే చూపించారు. జిన్సన్ జూన్‌లో రికార్డు కొట్టాడు. ఆగస్టులో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌కు అతనే ఫేవరెట్. గెలిచింది మంజీత్ సింగ్, 1:46.15. చివరి స్ట్రెయిట్ దాకా ఆగి, బయటి నుంచి వచ్చి దాటేశాడు. జిన్సన్ 1:46.35తో రజతం. ఆ చివరి వంద మీటర్లు చూసి అబ్బ, ఏం కిక్ అనుకున్నాం అందరం.

కిక్ అనే మాటతో జాగ్రత్తగా ఉండాలి. వేగంగా సాగిన 800లో చివర్లో నిజంగా వేగం పెంచేవాళ్ళు అరుదు. మిగతావాళ్ళు తగ్గుతుంటే తగ్గనివాడు దూసుకొచ్చినట్టు కనిపిస్తాడు. దీనికి 1972 మ్యూనిక్ ఫైనల్‌ను మించిన పాఠం లేదు. టోపీ పెట్టుకుని పరిగెత్తిన అమెరికన్ డేవ్ వాటిల్ మొదటి ల్యాప్‌లో అందరికంటే వెనక. చివర్లో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి సోవియట్ రన్నర్ యెవ్‌గెనీ అర్జానోవ్‌ను 0.03 సెకన్ల తేడాతో ఓడించాడు, టైమ్ 1:45.86. చూసేవాళ్ళకు మెరుపు దాడిలా ఉంటుంది. స్ప్లిట్లు చూస్తే నాలుగు 200లూ 26 నుంచి 27 సెకన్ల మధ్యే. ఆయన వేగం మారనే లేదు, చుట్టూ ఉన్నవాళ్ళది మారింది.

అంటే అందరూ వాటిల్ లాగే పరిగెత్తాలా? ఆయన గెలిచింది 0.03తో. ముందున్నవాళ్ళు కాస్త తెలివిగా పంచుకుని ఉంటే అంత వెనక నుంచి అందుకోలేకపోయేవాడు. మన టింటూ లూకాది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదటి నుంచీ ముందుండి లాగే అమ్మాయి. ‘చివర్లో దొరికిపోతుంది’ అని ఆమెను ఎన్నిసార్లు విమర్శించారో. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో కజకిస్తాన్ రన్నర్ మార్గరీటా ముకాషెవా 1:59.02, టింటూ 1:59.19. రజతం వచ్చింది. ఆ పద్ధతిలోనే రెండు నిమిషాల లోపు పరిగెత్తింది కూడా. ఫినిష్ స్పీడ్ లేని రన్నర్‌ను వెనక కూర్చోబెట్టి చివరి వంద మీటర్లలో కొట్లాడమంటే అది ఆమె బలం కాదు. విమర్శించినవాళ్ళతో నాకు పొసగదు.

గ్రౌండ్‌లో దీన్నెలా వాడతాను

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, రుడిషా వీడియో చూసొచ్చి ‘ఫస్ట్ ల్యాప్ 53లో పోతా సార్’ అనే కుర్రాళ్ళు ప్రతి సీజన్లో ఉంటారు. వాళ్ళతో వాదించను. ముందు 400 మీటర్లు ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తిస్తాను. 51 వచ్చిందనుకుందాం. దానికి ఐదు సెకన్లు కలుపుతాం. మొదటి ల్యాప్ 56. రెండోది 58. మొత్తం 1:54. అలాంటి కుర్రాడు 53లో వెళ్తే రెండో ల్యాప్ 63 దాటుతుంది, మొత్తం 1:56కు తగ్గదు. మూడు సెకన్లు లాభపడ్డాననుకుని రెండు సెకన్లు నష్టపోతాడు. ఐదు సెకన్లు అందరికీ ఒకే కొలత కాదు. ఓర్పు ఎక్కువ, స్పీడ్ తక్కువ ఉన్న 1500 మీటర్ల పిల్లలకు నాలుగుతో సరిపెడతాను. 400 నుంచి పైకొచ్చిన పిల్లలకు ఆరు కూడా కలుపుతాను, లేకపోతే వాళ్ళు 600 దగ్గర ఆగిపోతారు.

1:54ను 200లుగా విడగొడితే 27.2, 28.8, 28.8, 29.2. వీటిలో పిల్లలు నేర్చుకోవాల్సింది మధ్యలో ఉన్న రెండు. మొదటి 200 ఊపులో ఎలాగూ వస్తుంది, చివరిది మిగిలిన దాన్నిబట్టి వస్తుంది. 200 నుంచి 600 దాకా వేగం మారకుండా పట్టుకోవడమే 800 మీటర్ల పని.

దానికి నేను ఎక్కువగా ఇచ్చేది రేస్ పేస్‌లో 600 మీటర్ల రిపిటీషన్ (ప్రాక్టీసులో రేసు వేగంతో పరిగెత్తే ముక్క). పూర్తి రెస్ట్ తర్వాత ఒక 200. ఇంకో రకం 500 పరిగెత్తి, చిన్న రెస్ట్‌తో 300. చేతివాచీలు తీయించేస్తాను. 200 పరిగెత్తి వచ్చాక ‘ఎంతొచ్చింది’ అని వాళ్ళనే అడుగుతాను. మొదట్లో రెండు సెకన్లు అటూ ఇటూ చెప్తారు. కొన్ని వారాలకు అర సెకను లోపల చెప్పేస్తారు. రేసులో గుంపు మధ్య వాచీ చూసుకునే అవకాశం ఉండదు. కాళ్ళకు తెలియాలి.

రిపిటీషన్ నడుస్తున్నప్పుడు నేను ఫినిష్ లైన్ దగ్గర ఉండను. 200 మీటర్ల స్టార్ట్ మార్క్ దగ్గర, అంటే రేసులో 600 పూర్తయ్యే చోట, ట్రాక్ పక్కనే నిలబడతాను. వాచీ కంటే ముందు చెవికి తెలుస్తుంది. బాగా వస్తున్నవాడి అడుగు చప్పుడు చిన్నగా, పొడిగా ఉంటుంది, స్పైక్ ఇలా తగిలి అలా లేస్తుంది. ఖర్చయిపోయినవాడి పాదం చదునుగా పడుతుంది, చప్పుడు బరువెక్కుతుంది, నేల మీద ఎక్కువసేపు ఉంటుంది. తర్వాత భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి, పిడికిళ్ళు బిగుసుకుంటాయి, తల వెనక్కి వాలుతుంది. చేతులు ముందుకీ వెనక్కీ కాకుండా ఛాతీకి అడ్డంగా ఊగుతాయి. ఈ నాలుగూ ఒకేసారి కనిపిస్తే ఆ రోజు మొదటి 200 ఎంతలో వెళ్ళాడో వాచీ చూడకుండానే చెప్పొచ్చు. అప్పుడు ‘లాగు, లాగు’ అని అరవడం దండగ. ‘భుజాలు వదులు’ అంటాను. అది చేయగలిగిన పని కాబట్టి వింటారు.

పోలీస్ ఈవెంట్లకు వచ్చేవాళ్ళ గురించి కూడా ఒక మాట. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. 7:15 అంటే ల్యాప్‌కు దాదాపు 1:49. అది రేస్ కాదు, క్వాలిఫై అయితే చాలు. అయినా మొదటి ల్యాప్‌ను గుంపుతో పాటు 1:20లో వెళ్ళి, మూడో ల్యాప్‌లో నడుము పట్టుకుని నడిచే కుర్రాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ళకు నేను పైన చెప్పిన సెకన్ల లెక్కలేవీ అక్కర్లేదు. నాలుగు ల్యాపులూ 1:45లో వెళ్ళమంటాను, అంతే. రేస్ పేసింగ్‌కు వర్తించే సూత్రాలు తెచ్చి వాళ్ళ నెత్తిన రుద్దొద్దు.

1500 మీటర్లది మరో లెక్క. అక్కడ మొదటి 400 వేగంగా వెళ్తే లాభం తక్కువ, మధ్యలో సమానంగా వెళ్ళి చివర్లో లాగగలగాలి. మా ఊరి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనే 2021 సెప్టెంబర్‌లో హర్మిలన్ బైన్స్ 4:05.39తో జాతీయ రికార్డు కొట్టింది. 2002 నుంచి ఉన్న సునీతా రాణి 4:06.03 పోయింది. ల్యాప్‌కు సగటున 65.4 సెకన్లు. మా ట్రాక్ మీద వచ్చిన రికార్డు కాబట్టి పిల్లలు దీన్ని శ్రీరామ్ కేస్ కంటే ఇష్టంగా వింటారు. వినని వయసు పిల్లలకు దగ్గరి ఉదాహరణే మంచిది.

రౌండ్ల విషయం

మాంట్రియల్ కేస్‌లో ఫైనల్ ఒక్కదాన్నే చూస్తే ఒక ముఖ్యమైన సంగతి తప్పిపోతుంది. శ్రీరామ్ మొదటి రౌండ్‌లోనే 1:45.86 పరిగెత్తారు. అది అప్పటి ఏషియా రికార్డు. ఫైనల్లో ఆయన టైమ్ దానికంటే 0.09 సెకన్లే మెరుగు. అంటే హీట్స్‌లోనే దాదాపు మొత్తం బయటపెట్టేశారు. తర్వాత సెమీఫైనల్, ఆ తర్వాత ఫైనల్, రోజుకొకటి చొప్పున. మూడు రౌండ్లనూ కలిపి పేసింగ్ అని చూస్తే, 50.85 కంటే ఆ మొదటి రౌండ్ మీదే నా దృష్టి ఆగుతుంది. హువాంతొరేనాకు హీట్స్‌లో అంత వేగం అవసరం పడలేదు.

శ్రీరామ్ పరిస్థితి వేరు. పెద్ద పేర్ల మధ్య ముందు రౌండ్ దాటితే చాలనుకునే దేశం నుంచి వచ్చినవాడికి హీట్స్‌లో లెక్కలు వేసుకునే ధైర్యం ఎక్కడుంటుంది? 2025లో మహమ్మద్ అఫ్సల్ రూపంలో మనకు 1:45 లోపు పరిగెత్తినవాడు వచ్చాడు. అంత చేతిలో ఉంటే హీట్స్‌ను సర్దుబాటుగా పరిగెత్తొచ్చు.

స్టేట్ మీట్‌లలో మాకు చాలాసార్లు హీట్స్ పొద్దున, ఫైనల్ సాయంత్రమో మర్నాడో ఉంటుంది. హీట్స్‌లో నేరుగా క్వాలిఫై అయ్యే స్థానాలు ఎన్నో ముందే కనుక్కుని చెప్తాను. 600 దాకా ఆ స్థానాల్లో ఉండి, చివరి వంద మీటర్లలో వెనక్కి చూసుకుని, ఎవరూ రాకపోతే తగ్గించమంటాను. స్కోర్‌బోర్డు మీద తన బెస్ట్ టైమ్ కనబడాలని హీట్స్‌లోనే పూర్తిగా పరిగెత్తేసి వచ్చిన పిల్లవాడిని ఆ పూటంతా నీడలో పడుకోబెడతాను. కాళ్ళు పైకి పెట్టించి, మజ్జిగలో ఉప్పేసి తాగిస్తాను. సాయంత్రం ఫైనల్లో అతన్ని ముందుకు పంపించను. మొదటి 200 మీటర్లు నాలుగో స్థానంలో, లోపలి లేన్‌లో ఉండమంటాను.